అరువు మోకాళ్ళు

"ఎవరివైనా సరేనే, బాగా అరిగిపోయినవి చూసి వెయ్యి," అంది అత్తగారు, ఎక్స్‌రే గది తలుపు దగ్గరగా వేసి.

కోడలు కంప్యూటర్ ముందు నుంచి తలెత్తింది. "ఏవి అత్తయ్యా?"

"మోకాళ్ళు. నీ దగ్గర ఊళ్ళో వాళ్ళందరివీ ఉంటాయిగా. నావి తీస్తే తీశావు, వాటిని పక్కన పడేసి ఎవరో ఒక ముసలమ్మవి అచ్చు వెయ్యి."

"మీవే వేస్తే ఏం?"

"నావి గుండ్రాళ్ళు. డాక్టరు చూశాడంటే మేడేం ఖర్మ, కొండెక్కమంటాడు."

అసలు గొడవంతా ముందుగది గురించి. ఆ గది కిటికీ వీధిలోకి ఉంటుంది. అక్కడ కూర్చుంటే ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో, ఏ పిల్ల ఎవరి బండి మీద మలుపు దాకా వచ్చి అక్కడ దిగి ఏమీ ఎరగనట్టు నడిచొచ్చిందో, అంతా కళ్ళముందే. అలాంటి గదిని ట్యూషన్లకి ఇచ్చేసి మేడ మీదికి మారమన్నాడు కొడుకు. మేడ మీది కిటికీలోంచి చూస్తే పక్కవాళ్ళ నీళ్ళ ట్యాంకు. ట్యాంకు ఎవరితో పోట్లాడుతుంది గనక, చూస్తూ కూర్చోడానికి?

అందుకని ఆమె మోకాళ్ళ నొప్పి తెచ్చుకుంది. కుంటుతూ నడిచింది, గోడ పట్టుకుని లేచింది. కొడుకు నమ్మితేనా. "నటన బాగుందమ్మా. ఫిల్ము తీయించి ఎముకల డాక్టరుకి చూపిద్దాం. ఆయన మెట్లు వద్దంటే నేను నోరెత్తను," అన్నాడు. ఇప్పుడు బయట బల్ల మీద కాపలా కూర్చున్నాడు.

"నిజంగా నొప్పి లేదా అత్తయ్యా?" అంది కోడలు.

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. నటించీ నటించీ ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా కుంటుతున్నాను."

కోడలు ఆమె మోకాళ్ళ వంక చూసింది. అత్తగారు గొంతు తగ్గించింది.

"ఫిల్ము మీద పేరు పడుతుందా?"

"వెయ్యమని విడిగా చెబితేనే పడుతుంది."

"అయితే చెప్పకు."

"సరే, చెప్పను," అని కోడలు తెర వైపు తిరిగింది.

అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది. రోజూ బొమ్మలు చూపించి అచ్చువేసే ప్రోగ్రాం ఆ వారం మొరాయించిందట. ఇప్పుడున్నది ఉత్త నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు. ప్రింటరు పేరు, ఫిల్ము సైజు, బొమ్మ నంబరు, అన్నీ ఒకే వరసలో టైపు చేసి పంపాలి.

"బొమ్మేదే?"

"ఇందులో బొమ్మ కనపడదు. నంబరు చెబితే తీసుకెళ్ళి ప్రింటరుకి ఇస్తుంది."

"మొహం చూపించకుండానే? మా పెళ్ళీ ఇలాగే చేశారు."

కోడలు నంబర్ల వరసని పైకీ కిందికీ జరిపి ఒకచోట ఆగింది. టకటకా టైపు చేసి మీట నొక్కింది. తెర మీద ఏదో విసుగ్గా ఒక ముక్క పడింది.

"ఏమంటోంది?"

"ఒక మాట ముందు చిన్న గీత పెట్టడం మరిచాను. అర్థం కాలేదంటోంది."

"గీతకే అలుగుతుందా. దీనికంటే మీ మామయ్యే నయం."

కోడలు గీత పెట్టింది. మూలనున్న ప్రింటరు గుర్రుమని మూలిగి ఫిల్ము బయటికి తోసింది. అత్తగారు దాన్ని ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టింది. ఎముక మీద ఎముక, మధ్యన వెంట్రుక దూరే సందు లేదు.

"అబ్బ, ఏం మోకాళ్ళే. ఏరి కోరి పట్టావు."

కోడలు తల వంచుకుని ప్రింటరు మూత సర్దింది. సిగ్గుపడుతోందనుకుంది అత్తగారు.

ఎముకల డాక్టరు ఫిల్ము చూసి మొహం ముడిచాడు. "పేరు లేదేం దీని మీద?"

"ప్రోగ్రాం పాడైందండీ, నేనే టైపు చేసి పంపాను. మా అత్తగారివే," అంది కోడలు. మొహంలో ఒక్క గీత చెదరలేదు. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళకి కోడలి మీద అత్తగారికి నిఖార్సయిన గౌరవం పుట్టింది. అబద్ధమంటే అలా ఆడాలి.

డాక్టరు మోకాలి పక్కన వేలితో నొక్కాడు. ఆమె సరిగ్గా అక్కడే కెవ్వుమంది. ఎక్కడ అరవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయినందుకు తనని తానే మెచ్చుకుంది.

"ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారమ్మా?" అన్నాడాయన.

"అలవాటైపోయింది బాబూ," అని కళ్ళొత్తుకుంది. కన్నీళ్ళు కూడా పిలవగానే వచ్చాయి.

"మెట్ల మాట ఎత్తద్దు. ఈ మాత్రలు రోజూ అన్నం తిన్నాక వేసుకోవాలి."

కొడుకు మొహం వాడిపోయింది. "నటన అన్నాను, ఏమనుకోకమ్మా. ట్యూషను పిల్లలే మేడెక్కుతారులే," అన్నాడు.

ఆ సాయంత్రం ముందుగదిలో అత్తగారు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, కాళ్ళు చాపుకుని మహారాణిలా కూర్చుంది. కానీ మనసులో ఎక్కడో ముల్లు.

"ఎవరే ఆ మహాతల్లి?"

"ఉన్నారులెండి ఒకావిడ. చచ్చినా డాక్టరు దగ్గరికి రారు."

"అయ్యో, అదేం మొండితనం. అలాంటి కాళ్ళేసుకుని ఇంటెడు చాకిరీ ఎలా చేస్తోందో. పిల్లలు పట్టించుకోరు కాబోలు."

"ఇకమీదట పట్టించుకుంటారు అత్తయ్యా."

"ఆవిడ మోకాళ్ళు పెట్టి నా గది నిలబెట్టుకున్నాను. ఆవిడ మందు కూడా నేనే ఉంచేసుకుంటే కళ్ళు పోతాయి. ఇదిగో, ఈ మాత్రలు తీసుకెళ్ళి ఆవిడకే ఇచ్చెయ్యి. ఆలస్యం చెయ్యకు."

కోడలు ఆ పొట్లం అందుకుంది. వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఒక మాత్ర విప్పి, అత్తగారి కుడిచెయ్యి తెరిచి, అరచేతిలో పెట్టింది.

"ఇచ్చేశాను అత్తయ్యా."