పిడికిలి కొలత

"కూర్మయ్యా, ఆ ఇత్తడి పిడి ఇచ్చీసి మరీ ఎల్లు," అన్నాడు మా ధర్మలింగం, వాకిట్లో అడ్డంగా నిలబడి.

గోపాలపురం దొర వదిలేసిన కారు చట్రం కొని, మా పెరట్లోనే దానికి సీట్లూ రేకులూ బిగిస్తున్నాడు నా కొడుకు. కంచరి కూర్మయ్య చేసిన పిడి ఆరు రోజులుగా కనబడటం లేదు.

"నా సేత్తో సేసిన సరుకు నానే దొంగిలిస్తానేటి బాబూ?" అని, సుత్తి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు కూర్మయ్య.

ఆ పిడి దాచింది నేనే. అది లేకపోతే కారు కదలదనీ, నా కొడుకు ఏ వంతెన మీంచో పడిపోడనీ అనుకున్నాను.

"పోనీరా, అది లేపోతే బండి నడవదేటి?" అన్నాను మెల్లగా.

"నడవకేటి? అది నీకోసమమ్మా. కుదుపుకి బయపడతావని, సీటు పక్కన పట్టుకుందువని సేయించినాను. పోయిన నెల నీ పిడికిలికి దారం సుట్టి కొలిసినాను కాదేటి?"

ఆ దారం తాయెత్తుకనుకున్నాను.

వంటింట్లోకి వెళ్లి హుమ్మ ఊరి నుంచి తెచ్చిన ఉప్పు కుండలో చెయ్యి పెట్టాను. పిడికి పచ్చగా చిలుం పట్టింది. నా గుప్పిట్లో సరిగ్గా ఇమిడింది.

దాన్ని అలాగే పట్టుకుని, అందరికీ కనబడేలా, కంచరి వీధికి బయలుదేరాను.