కాకి చెప్పిన సింగపూర్ దూరం

చెన్నై రేవు పక్కన మడుగు ఎండిపోయింది. రెక్కలు ముదరని పిల్లల్ని వెంటేసుకుని ఎటు పోవాలా అని పరజ బాతు దిగులుపడుతుంటే కాకి వచ్చి వాలింది.

“సింగపూర్ పోదాం పద వదినా. దూరమేం కాదు, నేను ఒక్క రాత్రిలో ఎగిరొచ్చేశాను.”

“దారిలో వాలడానికి ఏముంది?”

“అంతా సముద్రమే. రెక్కలున్నవాళ్లకి వాలడమెందుకూ?”

పరజ ముక్కుతో కాకి రొమ్ము తడిమింది. దూరం నుంచి వచ్చిన పిట్టల్ని పరజలు అలాగే పలకరిస్తాయి. ఎముక తగలాల్సిన చోట కొవ్వు తగిలింది.

“సముద్రం తాగి ఒళ్లు చేశావా మరిదీ? సరే, నువ్వు ముందు ఎగురు. పిల్లలతో నీ వెనకే వస్తాను.”

కాకి కంగారుగా రేవువైపు చూసింది.

“ఇప్పుడేనా? ఓడ ఇంకా కూత వెయ్యలేదుగా!”