ఆకు సంతకం

"ఇదేం సంతకమయ్యా?"

జయపాల్ ఆ దరఖాస్తు ఫారాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు, ఎవరో ముక్కు చీదిన కాగితంలా.

అతను ఆటోనగర్ బ్రాంచికి అసిస్టెంట్ మేనేజరుగా వచ్చి ఆరు నెలలు కాలేదు. అప్పుడే ఆ సీటంటే ఖాతాదారులకు హడలు.

ఎదురుగా నిలబడ్డ మనిషికి అరవై దాటాయి. పేరు ఆమోసు. లారీల మీద నంబర్లూ పేర్లూ రాసే పెయింటరు. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఎండిపోయి ఉంది. సంతకం కూడా లారీ మీద పేరు రాసినట్టే గుండ్రంగా పెట్టాడు. చివరి అక్షరం తోకకి చిన్న ఆకు ఒకటి తగిలించాడు.

"అలవాటండీ. చెయ్యెత్తే ముందు ఆ ఆకు పడిపోద్ది."

"ఇది బ్యాంకు. లారీ డోరు కాదు. ఖాతా ఎందుకు నీకు?"

"రవాణా సంఘం వాళ్ళు నలభై లారీలకి చేత్తో రాయమన్నారండీ. స్టిక్కర్లొచ్చాక మాకు పనే లేదు. అడ్వాన్సు బ్యాంకులోనే వేస్తారంట. ఐదింటిలోగా నంబరివ్వకపోతే ఆ పని స్టిక్కర్ల వాళ్ళకి పోద్ది."

"పాత ఖాతా లేదా?"

"ఉందండీ. అందులో పడితే పాత బాకీ కింద లాగేసుకుంటారు. రంగు డబ్బాకి కూడా మిగలదు."

బాకీ అన్న మాట వినగానే జయపాల్‌కి హుషారొచ్చింది. కంప్యూటర్లో క్రెడిట్ స్కోరు తీశాడు. పొదుపు ఖాతాకు స్కోరు చూడాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా చూశాడు.

"పదకొండేళ్ళ కిందటి అప్పు! రంగు కొట్టే కంప్రెషర్ కోసం తీసుకున్నావు. రెండేళ్ళు బుద్ధిగా కట్టావు. ఆ తర్వాత వరసగా పద్నాలుగు నెలలు ఎగ్గొట్టావు. వడ్డీ మీద వడ్డీ పడి మళ్ళీ తేలలేదు. ఏం చేశావయ్యా ఆ డబ్బంతా?"

"అప్పుడు వేరే చోట కట్టాల్సొచ్చిందండీ."

"ఎక్కడ? పేకాట క్లబ్బులోనా?"

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమోసు బల్ల మీది పేరు పలకనే చూస్తున్నాడు.

"జయపాల్..." అన్నాడు మెల్లగా. "ఈ పేరు నేనూ ఓసారి స్నేహితుడి బండి మీద రాశానండీ. డబ్బు తీసుకోకుండా రాసిన పేర్లలో ఇదొకటి."

"ఊళ్ళో జయపాల్‌లు వందమంది. నన్ను కాకా పట్టకు."

"అబ్బే, లేదండీ."

"అప్పు చేసి పప్పుకూడు తినడం, తర్వాత ఇలా చేతులు కట్టుకు నిలబడటం! మా నాన్న పోయినప్పుడు మేం పడలేదా కష్టాలు? మా అమ్మ చదువురాని మనిషి. ఒక్కటంటే ఒక్క లారీ కిస్తీ తప్పలేదు. అదీ పరువంటే!"

ఆమోసు తలెత్తాడు. ఆ తిట్లన్నీ పడ్డ ముఖంలో చిన్న వెలుగు కనిపించింది.

"అమ్మగారు బాగున్నారా బాబూ?"

"బాబేంటి? సార్ అను. మా అమ్మ సంగతి నీకెందుకు?"

జయపాల్ ఎర్ర ఇంకుతో ఫారం మీద అడ్డంగా గీత కొట్టి విసిరేశాడు.

"వేరే బ్యాంకుకెళ్ళే టైము కూడా లేదండీ. నాలుగున్నరైంది."

"ఎగ్గొట్టేటప్పుడు ఉండాల్సింది ఆ తొందర. నెక్స్ట్!"

ఆమోసు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా బయటికి నడిచాడు.

ఏడింటికి కానూరులో ఇంటికి చేరిన జయపాల్, కంచం ముందు కూర్చోగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇవాళ నీ పేరు చెప్పి ఒకడికి గడ్డి పెట్టాను. పని కూడా పోయుంటుంది వెధవకి."

శౌరమ్మ గోంగూర ఒలుస్తోంది.

"నా పేరెందుకు చెప్పావురా?"

"నాన్న పోయాక లారీ కిస్తీలన్నీ కట్టావు కదా! ఒక్కటైనా తప్పావా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నేను కట్టలేదురా."

"అదేంటి?"

"నువ్వప్పుడు గుడివాడ హాస్టల్లో ఉన్నావు. మీ నాన్న సమాధి మట్టి ఆరకముందే ఫైనాన్సోళ్ళు బండి ఎత్తుకుపోతామని వచ్చారు. నా దగ్గర చిల్లిగవ్వ లేదు. ఎవరు కట్టారో, నెలనెలా తలుపు సందులోంచి రసీదు పడేది. అట్టా పద్నాలుగు పడ్డాయి."

పద్నాలుగు అనగానే జయపాల్ నోటి దగ్గర ముద్ద ఆగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"తెలిస్తే చదువు మానేసి స్టీరింగు పట్టుకుంటావని. నీ పేరు రాసున్న ఆ బండిని అద్దెకి తిప్పే కదరా నిన్నింతవాణ్ణి చేసింది!"

"ఎవరు కట్టారో అడగలేదా?"

"ఫైనాన్సోళ్ళని అడిగా. ఆ మనిషి చెప్పొద్దన్నాడంట. పేరు తెలీకపోయినా ఆయన కోసం రోజూ ప్రార్థన చేస్తన్నా."

శౌరమ్మ లేచి వెళ్ళి బైబిలు తెచ్చింది. దాని అట్ట అరలోంచి రసీదుల కట్ట తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"నాకా చదువు రాదు. ఇంకొకరికి చూపిస్తే నీ చెవిన పడుద్దని దాచా. కట్టినోళ్ళ సంతకం ఉంటదిగా, నువ్వు చూడు. పేరేంటిరా? ఇవాళ్టి నుంచి పేరు పెట్టి ప్రార్థన చేస్తా."

జయపాల్ పైనున్న రసీదు విప్పి చూశాడు.

రసీదు అడుగున, గుండ్రటి సంతకం చివర, చిన్న ఆకు ఉంది.