శౌరమ్మ గోడ

ఇలా నా పక్కకు జరగండర్రా, ఏసీలూ ఫ్యాన్లూ అటకెక్కాక రెంటచింతలలో జరిగిన సంగతి చెబుతాను. అప్పటికి ఊళ్లో ప్రతి ఇంటి గోడలోనూ చల్లనీళ్ల గొట్టాలు పాకించారు. రోహిణి ఎండల్లో కూడా ఆడవాళ్లు గోడకు వీపు ఆనించి హాయిగా పప్పులు ఏరుకునేవారు. మేకు కొడితే గొట్టానికి చిల్లి పడుతుందని దేవుడి పటమైనా గోడకు తగిలించేవారు కాదు.

ఆ నీళ్లను ఇంటింటికీ సమంగా పంచే ఇంజనీరు జసింత. ఒక వేసవిలో పచ్చి బాలింత అయిన చెల్లెలు ఇంట్లో ఉందని, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, తమ వాల్వు కాస్త ఎక్కువ తిప్పుకుంది. వీధి చివర ఒంటరిగా ఉండే శౌరమ్మకు సన్నధారే మిగిలింది. గోడ పెనంలా కాలింది.

ఒకరోజు ఒళ్లంతా చెమటకాయలతో శౌరమ్మ వచ్చి జసింత చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఎవురికీ చెప్పబాకు. చచ్చిపోయిన మా ఆయన పటానికి మేకు కొట్టాను. అందుకే నా గోడ పాడైంది. పటం తీసి పెట్టెలో పెట్టినా చల్లబడటంలా."

జసింత నిజం చెప్పేసింది. "మేకు వల్ల కాదు మామ్మా. మా చెల్లి కోసం నీ నీళ్లు నేనే మళ్లించుకున్నాను."

శౌరమ్మ ఆమె మొహంలోకి చూసి, "ఓసి పిచ్చిదానా, బాలింతకని అడిగితే నేనే ఇచ్చేదాన్ని గదే!" అంది.

తిట్టినా బాగుండేది. జసింత వెంటనే వాల్వు సరిచేసి ఇంటికొచ్చింది. "ఇవాళేంటక్కా ఇంత ఉక్కగా ఉంది?" అని చెల్లెలు అడిగితే, తలొంచుకుని చంటిబిడ్డకు విసురుతూ కూర్చుంది.

మీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఇంకేం మరిచినా, శౌరమ్మ అన్న ఆ ఒక్కమాట మరవకండేం.