కుడి వైపు మచ్చ

"ఇదిగో, ఇక్కడ," అంటూ డాక్టరు గోడకున్న టీవీ మీద పెన్ను ఆనించాడు. నల్లటి ఊపిరితిత్తుల్లో, కుడి వైపున, చొక్కా గుండీ అంత తెల్ల మచ్చ. "పెద్దాసుపత్రికి రాసిస్తాను. ఆలస్యం చెయ్యకండి."

భార్య తన మోచెయ్యి పట్టుకోవడం టీవీ మెకానిక్కుకు తెలిసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నెల్లాళ్ల దగ్గుకే ఇంతదాకా వచ్చిందా అండీ?" అందామె డాక్టరుతో.

డాక్టరు తలొంచుకుని చీటీ రాయసాగాడు. ఆయన వాలకమూ బాగాలేదు. గడ్డం మాసింది. వచ్చే నెల నుంచి క్లినిక్ ఉండదని ఆయన సంతకం చేసిన కాగితం తలుపుకు అంటించి ఉంది. ఎందుకో నర్సుకే తెలియదట.

మెకానిక్కు మచ్చకేసే చూస్తున్నాడు. మరీ గుండ్రంగా ఉంది. టీవీ మూలనున్న స్క్రూ మీద నీలం చుక్క కనబడింది. అది తను పెట్టే గుర్తు.

"డాక్టరుగారూ, ఈ టీవీ మా కొట్లోదేనా?"

"ఇప్పుడు టీవీ గొడవెందుకయ్యా? ఎక్స్‌రేలు చూసే తెర పాడైతే, పది రోజుల కిందట మా నర్సు ఎక్కడో పాతది కొనుక్కొచ్చింది."

మెకానిక్కు టీవీకి దగ్గరగా జరిగాడు. తెర వెనక వరసగా చిన్న దీపాలుంటాయి. ఒక్కోదాని మీద వెలుగును పలచగా పరిచే బుల్లి మూత అంటించి ఉంటుంది. జిగురు వదిలి మూత ఊడిందంటే వెలుగంతా ఒక్కచోటే కుప్పపడి, తెర మీద గుండ్రటి మచ్చ తేలుతుంది. ఆ మూతలన్నీ తనే స్వయంగా అంటించాడు. తన చేతి పని తిరిగి కొట్టుకు రాదని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు ఆ జిగురు ఊడి ఉండాలని మనసులోనే దండాలు పెట్టుకున్నాడు.

"సార్, బొమ్మను కాస్త పక్కకు జరపండి."

"ఎందుకు?"

"ఒక్కసారి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఊరుకోండి," అంది భార్య. "ఇదేమన్నా మీ కొట్టా?"

డాక్టరు విసుగ్గా మౌస్ లాగాడు. పక్కటెముకలు జరిగాయి. గుండె నీడ జరిగింది. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.



"ఊడింది!" అన్నాడు మెకానిక్కు. అది నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు. "నా అంత చేతకాని మెకానిక్కు ఇంకొకడు లేడే!"

"ఇన్నాళ్లకు ఒప్పుకున్నారు," అంది భార్య కళ్లు తుడుచుకుంటూ.

"సార్, రేపే వచ్చి బాగుచేసి..." అంటూ తిరిగినవాడు ఆగిపోయాడు. డాక్టరు వాళ్లని చూడటం లేదు. ఇంకో ఎక్స్‌రే తెరిచాడు. కుడి వైపున, అదే చోట, అదే మచ్చ. బొమ్మను నెమ్మదిగా పక్కకు లాగాడు. మచ్చ కదల్లేదు. ఆయన కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మెకానిక్కు బొమ్మ కిందున్న పేరు చదివాడు. తలుపు మీది కాగితం అడుగున, సంతకం పక్కన ఉన్న పేరే అది.