నూట ఇరవై కిలోమీటర్ల ఫలహారం

అసలు కడుపుకి మతిమరుపు ఉండదు, అనుకున్నాడు రొట్టెల మేస్త్రీ, ఉడుకుతున్న బంగాళాదుంపలోకి పుల్ల గుచ్చి చూస్తూ. మనసు ఎంత అవమానాన్నయినా నాలుగు నెలల్లో మడతపెట్టి అటకెక్కిస్తుంది. కడుపు అలా కాదు. ఎప్పుడో తిన్నదాన్ని ఈ రోజుకీ పనిగట్టుకుని గుర్తుచేస్తుంది.

పోయిన ఏడాది నూట ఇరవై కిలోమీటర్ల సైకిల్ యాత్ర ఎనభయ్యో కిలోమీటరు దగ్గరే ముగిసిపోయింది. కాళ్ళు బాగానే ఉన్నాయి, సైకిలూ బాగానే ఉంది. మొరాయించింది కడుపు. బయల్దేరే ముందు వెన్నలో వేయించిన రొట్టెముక్కలు ఆరు, గుడ్లు మూడు, ఆపైన మీగడ కలిపిన కాఫీ. అన్నీ అతని చేతి వంటే. ఓ కల్వర్టు పక్కన అవన్నీ వచ్చిన దారినే బయటికి వచ్చేశాయి. నిర్వాహకుల వ్యాను మీద సైకిలును ఎక్కించి ఇంటికి తిరిగొచ్చేదాకా మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

యాభై నిండినవాళ్ళను వచ్చే ఏడాది నుంచి తీసుకోబోమని ఈసారి ముందే చెప్పేశారు. అంటే ఈ ఇంటికి ఇదే ఆఖరు. యాత్ర ఎనిమిదింటికి. ఇప్పుడు ఆరు కావస్తోంది.

అందుకే మూడు వారాలుగా అతను పొద్దున బేకరీ పని ముగియగానే సైకిలెక్కాడు. రోజుకొక తిండి, నలభై కిలోమీటర్లు. వచ్చిన ఫలితాన్ని బేకరీలో పొయ్యి పక్క గోడ మీద సుద్దముక్కతో రాశాడు. గుడ్లు దారి పొడుగునా పలకరిస్తూనే ఉన్నాయి. మూడు అరటిపళ్ళు తింటే ముప్ఫై దాటేసరికి ఒకటే ఆకలి. ఓట్స్ అయితే కడుపులో తడి సిమెంటు పోసినట్టే. అన్నిటికన్నా అన్యాయం చేసింది అతని వేడివేడి రొట్టే. పొయ్యిలో పొంగింది చాలక లోపల కూడా పొంగింది. ఆ ఒక్క సంగతి మాత్రం గోడ మీద రాయడానికి మనసొప్పలేదు.

పిండి కలిపే ముసలాయన ఆ గోడను ఎగాదిగా చూసి, రొట్టె కంటే ముందు నువ్వే మాడిపోయేలా ఉన్నావు, ఈ వయసులో ఒంటికి ఎందుకయ్యా ఈ శిక్ష, అని అడిగాడు. అతను నవ్వేసి రొట్టెలు పొయ్యిలోకి తోశాడు. నిజం చెబితే బేకరీ అంతా నవ్వుతుంది.

చివరికి గెలిచినవి రెండు ఉడికించిన దుంపలు, మీద కాస్త ఉప్పు, తేనె రాసిన నిన్నటి రొట్టె ఒక ముక్క. బయల్దేరడానికి సరిగ్గా రెండు గంటల ముందు. అవి తిన్న రోజున, తనకు ఒక కడుపు ఉందన్న సంగతే నలభై కిలోమీటర్ల పొడుగునా గుర్తుకు రాలేదు. ఇంటి ముందు సైకిలు దిగాక ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి.

దుంపలు వార్చి, తొక్క తీసి, రెండు పళ్ళేల్లో సర్దాడు. అత్తగారు వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"నాకు మాత్రం రొట్టెకి వెన్న దట్టంగా పట్టించు అల్లుడూ. నేనెక్కడికీ తొక్కుకుంటూ పోవటం లేదుగా."

భార్య జుట్టు ముడివేసుకుంటూ వచ్చింది. పొద్దుటి చలికి పొడుగాటి కోటు తొడుక్కుంది. పళ్ళేల వైపు చూసి, "ఇంతేనా?" అంది.

"ఇంతే."

"మరీ పథ్యంలా ఉందండీ."

"నలభై దాకా నాది పూచీ. ఆపైన కూడా ఏం కాదు."

"ఇంకో నాలుగు ముక్కలు కొయ్యి నాయనా," అంది అత్తగారు. "ఆకలితో అంత దూరం ఎలా అవుతుంది?"

ఆ మాటకే అతని చెయ్యి కత్తి మీదికి పోయింది. పోయి ఆగింది. పోయిన ఏడాదీ ఇలాగే పోయింది, ఒక ముక్క, ఇంకో ముక్క, అలా ఆరు. అది ఆకలి లెక్క కాదు, భయం. లోపల భయం పుట్టినప్పుడల్లా అతని చేతులకు తెలిసిన పని ఒక్కటే, వడ్డించడం. ఇన్నేళ్ళు రొట్టెలు కాల్చినవాడికి ఈ ముక్క తెలియడానికి ఓ కల్వర్టు కావలసివచ్చింది. కత్తి పక్కన పెట్టి, రొట్టెల డబ్బాకు మూత బిగించాడు.

భార్య అదంతా చూస్తూనే ఉంది. "పోయినసారి సంగతి మర్చిపోండి," అంది మెల్లగా.

"మర్చిపోతే మళ్ళీ అదే చేస్తాను."

ఆమె నవ్వి, ఉప్పు గిన్నె అతని వైపు జరిపింది. ఇద్దరూ పళ్ళేల మీదికి తలలు వంచి దుంపలు తిన్నారు. పరీక్షకు పోయే పిల్లల్లా ఉన్నారిద్దరూ అంటూ అత్తగారు వెన్న రొట్టె నింపాదిగా కొరికింది.

గుమ్మం బయట సైకిలు సిద్ధంగా ఉంది. మూడు వారాలుగా పొద్దున పైకీ, సాయంత్రం కిందికీ జరిపి జరిపి సీటు నట్టు వదులైపోతే, నిన్న సాయంత్రం కిందికి దించి గట్టిగా బిగించాడు. ఇప్పుడు ఇంకోసారి తడిమి చూశాడు. కదల్లేదు. అతని తొడల్లో నొప్పి ఇంకా తగ్గలేదు. అయినా ఆ నొప్పి బాగానే ఉంది, పని అయిందని చెప్పే నొప్పి.

మైదానం రెండు వీధుల అవతలే. సైకిలును చెరోవైపు పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళారు. అక్కడ ఒకాయన నిలబడే గుడ్లు మింగుతున్నాడు, ఇంకొకావిడ కేకు తింటోంది. వాళ్ళను చూసి అతను మనసారా జాలిపడ్డాడు. మైకులో రెండువందల వరస నంబర్లవాళ్ళను పిలుస్తున్నారు. 214 అని అచ్చేసిన గుడ్డముక్క అతని చేతిలో ఉంది, నాలుగు పిన్నీసులు పళ్ళ మధ్య ఉన్నాయి.

"వణుకుతున్నారెందుకు?" అంది భార్య.

"చలి," అన్నాడు పిన్నీసుల సందులోంచి.

"చలి లేదు, ఏమీ లేదు. కానివ్వండి, పిలుస్తున్నారు."

ఎండ వచ్చింది. ఆమె కోటు విప్పి అతని భుజం మీద వేసింది.

అతను 214ను ఆమె వీపుకి తగిలించాడు.