వాళ్ళ శ్రుతి

"కుర్చీలు ఇంకాస్త వెనక్కి జరుపుకోవచ్చు కదమ్మా. స్టేజీ చిన్నది," అన్నాడు హాలు మేనేజరు.

"వద్దండీ. డ్రమ్స్ బాబాయ్‌కి నేను కనపడాలి," అంది గాయని.

నాలుగు కుర్చీలూ తనే మోసుకొచ్చింది. అడుగులతో కొలిచి మరీ వేసింది. కుడివైపు కీబోర్డు మాస్టారు, ఆయన పక్కన వయొలిన్ తాతయ్య, వెనక డ్రమ్స్ బాబాయ్, ఎడమవైపు ఫ్లూట్ అన్నయ్య. ఏ ఊరెళ్ళినా అదే వరస. పందొమ్మిదేళ్ళ పిల్లకి ఇంత చాదస్తమేమిటని గొణుక్కుంటూ మేనేజరు వెళ్ళిపోయాడు.

సౌండు చూసే మావయ్య వైర్లు సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు. ఊళ్ళు తిరిగేటప్పుడు ఆమెకి తోడూ, కాపలా, వేణ్నీళ్ళ ఫ్లాస్కూ అన్నీ ఆయనే.

"ఏదీ, ఓసారి పల్లవి అను."

అంది. పై స్వరం దగ్గర గొంతు జీరపోయింది.

"డాక్టరు చెప్పింది మర్చిపోయావా? గొంతులో కాయలు లేచాయి. ఒక మెట్టు దించి పాడితే నయమవుతుంది. ఇలాగే లాగావంటే పాట సంగతి అటుంచు, మాట కూడా మిగలదు."

"వాళ్ళు దించరు మావయ్యా."

"నేను చూసుకుంటాగా. నిమిషం పని."

"వద్దు. వాళ్ళు పెట్టింది పెట్టినట్టే ఉండాలి."

మావయ్యకి ఒళ్ళు మండింది.

"అయితే కొత్తవాళ్ళని చూసుకో. నీ గొంతుని బట్టి వాయించేవాళ్ళు బోలెడుమంది. బతికినన్నాళ్ళూ పాడుకోవచ్చు. వీళ్ళనే పట్టుకు వేలాడతానంటే ఎలాగే?"

ఆమె వంగి వయొలిన్ తాతయ్య కుర్చీ కాస్త సర్దింది.

పదిహేనేళ్ళప్పుడు ఆ నలుగురితో చేరింది. అప్పటికే వాళ్ళు ఆరితేరినవాళ్ళు. ఆమేమో స్కూలు వార్షికోత్సవం దాటి ఎరగదు. మొదటి ప్రోగ్రాంలోనే చరణం మర్చిపోయి బిక్కచచ్చిపోయింది. వయొలిన్ తాతయ్య అక్కడికక్కడ ఓ ముక్క అల్లి, ఆమెకి గుర్తొచ్చేదాకా వాయిస్తూనే ఉన్నాడు. ఒంట్లో బాగాలేక ప్రాక్టీసుకు రాలేకపోతే, ఆమె పాడుకోవడానికని వాళ్ళు వాయించింది రికార్డు చేసి మాస్టారు ఇంటికి పంపేవాడు. ఇంతకంటే ముద్దు చేసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ఆమె ఇల్లు కొండ మీద. ప్రతిసారీ వ్యాన్ మెయిన్ రోడ్డు వదిలి, గంటసేపు మలుపులు తిరుగుతూ పైకొచ్చేది. "ఈ పిట్ట గూడు ఎక్కడ కట్టిందో చూడండ్రా!" అని డ్రమ్స్ బాబాయ్ దారిపొడుగునా ఒకటే గోల. అలా ఆమె పేరు పిట్ట అయిపోయింది. బస్సులో కిందికి దిగి రమ్మని మాస్టారు ఒకటి రెండుసార్లు అన్నాడు. బస్సు పడదని ఆమె మారాం చేసింది. కిటికీ సీటు ఆమె కోసం ఖాళీగా అట్టేపెట్టి, వాళ్ళే పైకొచ్చేవాళ్ళు.

"నాకోసం చుట్టుదారి పట్టారు మావయ్యా," అంది చివరికి. "వాళ్ళకోసం నేను ఒక్క మెట్టు పైన పాడలేనా?"

మావయ్య తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకి తెర లేచింది. హాలు నిండింది. జనం కళ్ళు ఒకసారి కుర్చీల వైపు వెళ్ళి, తిరిగి ఆమె మీదికొచ్చాయి.

"వన్, టూ, త్రీ, ఫోర్..." మాస్టారి గొంతు. పాట మొదలైంది.

వాయించడంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఒకప్పటిలా ఆమె కోసం ఆగడమన్నది లేదు. ఆమె ఊపిరి తీసుకోవడం అర క్షణం ఆలస్యమైందా, పాట ముందుకెళ్ళిపోతుంది. పరుగెత్తి అందుకోవాల్సింది ఆమే. రెండేళ్ళుగా అందుకుంటూనే ఉంది. ఆ పరుగులోనే గొంతు పాడుచేసుకుంది.

రెండో చరణం ముందు డ్రమ్స్ బాబాయ్ అరిచాడు.

"ఒసే పిట్టా, ఇక్కడే! నిద్రపోకు!"

ప్రతి ఊళ్ళోనూ అదే మాట. ఆ మాటకి ఆమె ప్రతిసారీ నవ్వుతుంది. ఈరోజూ నవ్వింది. నవ్వుతూనే చరణం అందుకుంది.

బల్ల దగ్గర మావయ్య కూర్చోలేకపోతున్నాడు. ఒక్కో వరసకీ ఆమె మెడనరాలు ఎలా లేస్తున్నాయో అంత దూరం నుంచీ ఆయనకి కనపడుతోంది. చివరి పల్లవి ఒక్కటే మిగిలింది. అన్నిటికంటే పై స్వరం అక్కడే.

వయొలిన్ తాతయ్య చిన్నగా దగ్గాడు. ఆమెకి అది గుర్తు. ఆ దగ్గు వినగానే ఊపిరి నిండా పీల్చుకోవాలి. పీల్చుకుంది. పై స్వరం అందుకుంది.

గొంతు తెగింది.

నోరు తెరుచుకునే ఉంది. శబ్దం లేదు. నాలుక మీద నెత్తురు రుచి తగిలింది. మైకు జారి కిందపడింది. గొంతు పట్టుకుని, మోకాళ్ళ మీద కూలబడి, తల తిప్పి కుర్చీల వైపు చూసింది. మొదటిసారిలాగే తాతయ్య ఓ ముక్క అల్లితే ఎంత బాగుండు!

అల్లలేదు. ఎవరూ లేచి రాలేదు. వయొలిన్, ఫ్లూట్, డ్రమ్స్, ఏదీ తడబడలేదు. ఆమె లేకుండానే పాట సాఫీగా సాగిపోతోంది.

"ఆపండయ్యా! పిల్ల పడిపోయింది!" ముందు వరసలోంచి ఎవరో కేకేశారు.

మావయ్య మీట నొక్కి, రెండేళ్ళ కిందట పిట్టని ఎక్కించుకోవడానికి వస్తూ కొండ మలుపులో వ్యాన్‌తో సహా లోయలో పడిపోయిన ఆ నలుగురూ ఆమెకి ఆఖరిసారి పంపిన రికార్డింగును ఆపేశాడు.